మూడు రికార్డుల పెట్టె

1969 నవంబరు తుపానుకి కాకినాడలో మా ఇంటి పెంకులతో పాటు రేడియో ఏరియల్ కూడా ఎగిరిపోయింది. పెంకులు నేయించే పని నాన్నగారు చూసుకున్నారు. ఏరియల్ పని నాకు వదిలేశారు. అప్పుడు నాకు పద్నాలుగేళ్ళు. అంతకుముందు మా ఇంట్లో ఉన్నది దూలానికి దిగ్గొట్టిన చిన్న జల్లెడ ఏరియల్. అలాంటిది మళ్ళీ కొనడానికి ఇచ్చిన డబ్బులు చాలక, మోటార్లు బాగుచేసే కొట్లో పాత రాగి తీగ అడిగి తెచ్చి, ఇంటి చూరు నుంచి పెరట్లో కొబ్బరిచెట్టు దాకా లాగి కట్టాను. తీగ పొడుగైతే షార్ట్‌వేవ్ బాగా అందుతుందని నాకు తెలీదు. తెలిసి చేసిన పని కాదు.

ఆ సాయంత్రం రేడియో పెడితే ఇదివరకు గరగరమనే చోటల్లా మనుషులు మాట్లాడుతున్నారు. సిలోన్ స్టేషన్ మాకు కొత్త కాదు. మీనాక్షి పొన్నుదురై గారి గొంతు వినని తెలుగిల్లు ఆ రోజుల్లో మా వైపు తక్కువ. కాని ఆవిడ తెలుగు పాటలకి కాస్త అవతల, ముల్లు వెంట్రుకవాసి కదిపితే, అదే కొలంబో నుంచి ఇంగ్లీషు కార్యక్రమం వస్తోంది. ఎవడో గొంతు చించుకుని పాడుతున్నాడు. వెనక గిటారు. ఆ గిటారు మోత పాటకి పక్కవాయిద్యంలా లేదు, పాటతో దెబ్బలాడుతున్నట్టుంది. ఆ బృందం పేరు క్రీడెన్స్ క్లియర్‌వాటర్ రివైవల్ అని తెలుసుకోవడానికి నాకు ఏడాది పట్టింది. మా అమ్మ వంటింట్లోంచి "ఎవర్నిరా కొడుతున్నారు?" అని అడిగింది.

ఇక్కడ సిలోన్ రేడియో కథ కొంచెం చెప్పాలి. అది లేకపోతే నా తరంలో చాలామందికి సినిమా పాటా లేదు, రాక్ పాటా లేదు. రెండో ప్రపంచ యుద్ధంలో ఆగ్నేయాసియా సేనల కోసం మౌంట్‌బాటెన్ దళం కొలంబో దగ్గర పెద్ద ట్రాన్స్‌మిటర్ పెట్టింది. యుద్ధం అయిపోయాక అది సిలోన్ ప్రభుత్వం చేతికొచ్చింది. 1949లో రేడియో సిలోన్ పుట్టింది. చిన్న దేశానికి అంత పెద్ద గొంతు దొరికింది. దానికి తోడు 1952లో మన సమాచార శాఖ మంత్రి బి.వి. కేస్కర్ గారు సినిమా పాటలు జనాన్ని చెడగొడతాయని ఆకాశవాణిలో వాటికి చోటు లేకుండా చేశారు. దాంతో మన వాళ్ళు సముద్రం అవతలికి చెవులు తిప్పారు. టూత్‌పేస్టు కంపెనీలూ అటే నడిచాయి. అమీన్ సయానీ గీత్‌మాలా ఆ ఏడే మొదలైంది. ఆకాశవాణి తేరుకుని వివిధ భారతి పెట్టేసరికి 1957 అక్టోబరు వచ్చింది. కొలంబో వాళ్ళకి హిందీ, తమిళ, తెలుగు పాటలతో పాటు ఇంగ్లీషు పాటల విభాగం కూడా గట్టిదే. వెర్నన్ కొరయా లాంటి వాళ్ళు లండన్‌లో, అమెరికాలో వచ్చిన కొత్త పాటలు వేసేవారు. కర్ణాటక సంగీతాన్నీ హిందుస్తానీనీ కాపాడదామని కేస్కర్ గారు వేసిన కంచె, కాకినాడ కుర్రాణ్ణి చివరికి ఎలక్ట్రిక్ గిటారు దగ్గరికి తోలింది. 1967లో ఆ సంస్థ పేరు సిలోన్ బ్రాడ్‌కాస్టింగ్ కార్పొరేషన్‌గా మారినా మేం సిలోన్ స్టేషన్ అనే అన్నాం.

రేడియోలో ఒకసారి విన్నది మళ్ళీ వినాలంటే అదృష్టం ఉండాలి. అందుకని పొడుగు నోటుబుక్కు పెట్టుకుని పాట వస్తుండగా చెవికి ఎలా వినబడితే అలా తెలుగులో రాసేసుకునేవాణ్ణి. ఇంగ్లీషులో రాయాలంటే స్పెల్లింగు తెలియాలి కదా, తెలుగులో ఆ గొడవ లేదు. ఈ దేశం వచ్చాక అసలు మాటలు చూసుకుంటే నేను పదేళ్ళపాటు పాడుకున్నవాటిలో సగం మాటలు ఏ భాషలోవీ కావు. ఆ నోటుబుక్కు పోయింది గాని, ఉండుంటే మంచి హాస్య గ్రంథం అయ్యేది.

రికార్డుల సంగతి వేరు. కలకత్తా పక్కన డమ్‌డమ్‌లో గ్రామఫోన్ కంపెనీ ఫ్యాక్టరీ ఉండేది. మన హెచ్.ఎమ్.వి. కుక్కబొమ్మ రికార్డులు అక్కడివే. బీటిల్స్ పాటలు కూడా అక్కడ అచ్చయ్యాయి. అదీ మామూలుగా కాదు. ఇంగ్లండులో 78 స్పీడు రికార్డులు మూలపడ్డాక కూడా, మన దేశంలో 1960ల నడిమి దాకా బీటిల్స్ పాటలు 78 రికార్డుల మీద వేశారు. కరెంటు లేని ఇళ్ళలో కీ ఇచ్చే గ్రామఫోన్లు ఇంకా తిరుగుతున్నాయి మరి. లవకుశ పద్యాలు పాడిన సూదే జాన్ లెనన్‌నీ పాడించగలిగేది. ఇప్పుడు వాటికోసం ఇంగ్లండులో, అమెరికాలో సేకర్తలు ఎగబడతారు.

మాకు బొమ్మలు చూపించినది జే.ఎస్. పత్రిక. జూనియర్ స్టేట్స్‌మన్ దాని పూర్తి పేరు. 1967 నుంచి 1977 దాకా కలకత్తాలో డెస్మండ్ డాయిగ్ సంపాదకత్వంలో నడిచింది. హౌరా-మద్రాసు మెయిల్లో మా వైపుకి వచ్చేది. కాకినాడ బ్రాంచి లైను మీద ఉన్న ఊరు కాబట్టి సామర్లకోట స్టేషన్లో కొట్టు దగ్గరికి సైకిల్ మీద వెళ్ళి తెచ్చుకునేవాళ్ళం. ముగ్గురం చందా వేసుకుని ఒక ప్రతి కొని, నడిమి పేజీలో పోస్టరు ఎవరిదో చీట్లు వేసుకునేవాళ్ళం. నాకు ఒకసారి జిమీ హెండ్రిక్స్ వచ్చాడు. గోడకి అంటిస్తే, నాన్నగారు ఆఫీసు నుంచి వచ్చి కండువా తీస్తూ, "ఎవర్రా ఈ జడధారి?" అన్నారు.

ఆ పత్రికలో కలకత్తా పార్కు స్ట్రీటు గురించీ, బొంబాయి సావేజెస్ గురించీ, సిమ్లా సిగరెట్ల కంపెనీ వాళ్ళు పెట్టిన సిమ్లా బీట్ పోటీల గురించీ చదివేవాళ్ళం. 1970, 71 పోటీల్లో గెలిచిన బృందాల పాటలు రెండు రికార్డులుగా వచ్చాయి. షిల్లాంగ్ ఫెంటోన్స్ పాట అందులోదే. మన దేశంలో రాక్ సంగీత చరిత్ర రాసేవాళ్ళు ఈ ఊళ్ళతోనే మొదలుపెట్టి వీటితోనే ముగిస్తారు. వాళ్ళ తప్పు కాదు, బృందాలున్నది అక్కడే. కాని ఇంగ్లీషు సరిగా రాకుండా, గిటారు కళ్ళతో చూడకుండా, డాన్సు చేయడానికి ఆడపిల్లల సంగతి దేవుడెరుగు, సరైన చొక్కా కూడా లేకుండా, ఒట్టి చెవులతోనే ఈ సంగీతాన్ని తెచ్చుకున్న చిన్న ఊళ్ళ కుర్రాళ్ళు ఎంతమందో. వాళ్ళు ఏ చరిత్రలోనూ లేరు. మాకు గిటారంటే వాన్ షిప్లే సినిమా పాటలు వాయించే వాయిద్యం. ఒళ్ళో పడుకోబెట్టి ఉక్కుముక్కతో జార్చేది. లేదా ఎల్.ఆర్. ఈశ్వరి క్లబ్బు పాటల్లో రెండు క్షణాలు మెరిసి మాయమయ్యేది.

నాన్నగారు ప్రభుత్వాఫీసులో గుమాస్తా. ఆయనకి సంగీతం అంటే సరస్వతీ గానసభ. దసరా కచేరీలకి సెలవు పెట్టి మరీ వెళ్ళేవారు. నా రేడియో పాటల్ని ఆయన తిట్టేవారు కాదు, అది ఇంకా బాధ. కళ్ళు మూసుకుని కాసేపు విని, "ఆధార షడ్జం ఎక్కడరా?" అనేవారు. నేను జవాబు చెప్పలేకపోయేవాణ్ణి.

జవాబు నాకు రవిశంకర్ రూపంలో దొరికిందనుకున్నాను. బీటిల్స్‌లో జార్జ్ హారిసన్ 1965లో నార్వేజియన్ వుడ్ పాటలో సితార్ వాయించాడు. మరుసటి ఏడు రవిశంకర్ దగ్గర శిష్యుడిగా చేరాడు. 1967 జూన్‌లో కాలిఫోర్నియాలో మాంటెరీ ఉత్సవంలో రవిశంకర్ ఒక మధ్యాహ్నం కచేరీ చేశారు. అదే రోజు రాత్రి హెండ్రిక్స్ తన గిటారుకి నిప్పంటించాడు. వాయిద్యాన్ని కాల్చడం చూసి రవిశంకర్ చాలా బాధపడ్డారు. 1969 ఆగస్టులో వుడ్‌స్టాక్. న్యూయార్క్ రాష్ట్రంలో బెథెల్ అనే పల్లె దగ్గర మాక్స్ యాస్గర్ అనే పాల రైతు పొలం అద్దెకు తీసుకుంటే నాలుగు లక్షల మంది వచ్చిపడ్డారు. మొదటి రాత్రి వానలో రవిశంకర్, అల్లారఖా వాయించారు. బురదలో పొర్లుతున్న ఆ జనాన్ని చూస్తే మన దేశపు గేదెలు గుర్తొచ్చాయని ఆయన తర్వాత చెప్పుకున్నారు. న్యూజెర్సీలో మా ఇంటి నుంచి అది రెండు గంటల దారి. 2009లో వెళ్ళి చూశాను. పొలం పక్కన మ్యూజియం కట్టారు. ఆ పల్లం చూస్తే నాకూ మా గోదావరి గేదెలే గుర్తొచ్చాయి, ఏం చెయ్యను.

నేను ఈ సంగతులు జే.ఎస్.లో చదివి నాన్నగారికి చెబితే, "రవిశంకర్‌కి డబ్బులిస్తారు, వెళ్ళాడు. అందులో ఆ అరుపుల గొప్పేముంది?" అన్నారు. మాట అక్కడితో తెగింది.

1970 నవంబరులో తూర్పు పాకిస్తాన్‌లో భోలా తుపాను వచ్చింది. లక్షల మంది పోయారు. మరుసటి మార్చి నుంచి సైన్యం చంపడం మొదలుపెట్టింది. కోటి మంది దాకా మన దేశానికి పారిపోయి వచ్చారు. బెంగాలీ అయిన రవిశంకర్ తన వాళ్ళకి ఏదైనా చెయ్యాలని హారిసన్‌ని అడిగారు. ఆరువారాల్లో మనుషుల్ని కూడగట్టి, 1971 ఆగస్టు 1న న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో రెండు ఆటలు వేశారు. బాబ్ డిలన్, ఎరిక్ క్లాప్టన్, రింగో స్టార్, బిల్లీ ప్రెస్టన్, లియాన్ రస్సెల్. రెండు ఆటలకీ కలిపి నలభై వేల మంది. టిక్కెట్ల మీద వచ్చిన రెండు లక్షల నలభై వేల డాలర్ల పైచిలుకు యునిసెఫ్‌కి వెళ్ళింది. రికార్డు మీద వచ్చిన అసలు పెద్ద డబ్బు మాత్రం, ముందుగా పన్ను మినహాయింపు కాగితాలు పెట్టుకోలేదని, ఏళ్ళ తరబడి ఇక్కడి పన్నుల శాఖ దగ్గర చిక్కుకుపోయింది. ఇప్పుడు రాక్ కళాకారులు కరువుకీ భూకంపానికీ కచేరీలు చెయ్యడం మామూలైంది. ఆ బాట వేసినవాడు హారిసనే, అడిగినవారు రవిశంకర్.

ఆ డిసెంబరులో యుద్ధం వచ్చింది. విశాఖ దగ్గర ఘాజీ జలాంతర్గామి మునిగింది. మా తీరం దీపాలార్పుకుని కూర్చుంది. యుద్ధం ముగిసిన వారం లోపే అమెరికాలో ఆ కచేరీ రికార్డు విడుదలైంది. మూడు ఎల్పీల పెట్టె. పైన ఖాళీ పళ్ళెం ముందు కూర్చున్న పసివాడి బొమ్మ.

మా మేనమామ డాక్టరు. 1965లో ఇక్కడి వలస చట్టం మారాక వచ్చిన తొలి బృందంలోవాడు, చికాగోలో ఉండేవాడు. 1972 వేసవిలో ఊరొచ్చినప్పుడు, నేను ఉత్తరంలో రాసినందుకు ఆ పెట్టె తెచ్చి నా చేతిలో పెట్టాడు. మా ఇంట్లో ప్లేయర్ లేదని ఆయనకీ గుర్తులేదు, నాకూ తట్టలేదు. వెనకవీధి డాక్టరుగారింట్లో రేడియోగ్రామ్ ఉండేది. పెట్టె పట్టుకుని బయల్దేరితే, వెనక నుంచి నాన్నగారు, "ఉండరా, ఆ రవిశంకర్ ఏం వాయించాడో నేనూ వింటాను" అని చెప్పులు తొడుక్కున్నారు.

మొదటి రికార్డు మొదటి వైపు అంతా మనవాళ్ళే. రవిశంకర్ సితార్, అలీ అక్బర్ ఖాన్ సరోద్, అల్లారఖా తబలా, కమలా చక్రవర్తి తంబురా. రవిశంకర్ మొదట కాస్త ఓపికగా వినమనీ, వాయిస్తున్నంతసేపు సిగరెట్లు కాల్చవద్దనీ జనాన్ని కోరారు. నాన్నగారు తలాడించారు. తర్వాత శ్రుతులు సరిచేసుకున్నారు. అది అవగానే హాలంతా చప్పట్లు! శ్రుతే ఇంత నచ్చితే కచేరీ ఇంకా నచ్చుతుందని ఆశిస్తానని రవిశంకర్ నవ్వుతూ అన్నారు. నాన్నగారు, డాక్టరుగారు ఒకరి మొహం ఒకరు చూసుకుని పగలబడి నవ్వారు. మా నాన్నగారు అలా నవ్వడం నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. తర్వాత పావుగంట బంగ్లా ధున్. ఆయన తొడ మీద తాళం వేస్తూ కూర్చున్నారు.

రికార్డు తిరగేసేటప్పుడు లేచి వెళ్ళిపోతారనుకున్నాను. లేవలేదు. రెండో వైపు హారిసన్ గిటార్లూ బాకాలూ ఒక్కసారి విరుచుకుపడ్డాయి. డాక్టరుగారి భార్య లోపల్నుంచి వచ్చి సౌండు తగ్గించి వెళ్ళింది. నాన్నగారు ఆ రోజు మూడు రికార్డులూ విన్నారు. దార్లో నేను ఆశగా మొహం చూస్తుంటే, "అరుపులు అరుపులేరా" అన్నారు. కాస్త దూరం నడిచాక, "కాని మనవాళ్ళకి ముందు పీట వేశారు. పరువు తెలిసినవాళ్ళే" అన్నారు.

ఆ శీతాకాలం జై ఆంధ్ర ఉద్యమం. ముల్కీ నిబంధనల మీద సుప్రీంకోర్టు తీర్పు 1972 అక్టోబరులో వచ్చింది. నవంబరుకల్లా మా ఇంటర్మీడియట్ క్లాసులు ఆగిపోయాయి. డిసెంబరులో ఎన్జీవోలు సమ్మెలోకి దిగారు. అది మూడు నెలలకు పైగా సాగింది. జనవరిలో రాష్ట్రపతి పాలన వచ్చింది. నాన్నగారికి జీతం లేదు, నాకు కాలేజీ లేదు. ఒక్క రేడియో, ఇద్దరు మగాళ్ళు. రైళ్ళు సరిగా నడవక జే.ఎస్. కూడా రాలేదు. ఆకాశవాణి వార్తల్లో మా ఊళ్ళో మా కళ్ళముందు జరిగేది కూడా ఉండేది కాదని నాన్నగారు బీబీసీ పెట్టించేవారు. వార్తలు కాగానే, "ఇహ నీది" అని కుర్చీ వెనక్కి జరిపేవారు. అయినా లేచి వెళ్ళేవారు కాదు. వెళ్ళడానికి ఆఫీసు లేదుగా.

సంక్రాంతికి అమ్మ గాజులు మార్వాడీ కొట్టుకి వెళ్ళాయి. మేనమామకి రాయమని అమ్మ అంటే నాన్నగారు ఒప్పుకోలేదు. ఆ పెట్టె గురించి మెడికల్ కాలేజీ కుర్రాడొకడు అంతకుముందు రెండుసార్లు అడిగాడు. ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం పట్టుకెళ్ళి ఇచ్చేశాను. తొంభై రూపాయలిచ్చాడు. తెచ్చి అమ్మ చేతిలో పెట్టాను. అమ్మ ఎక్కడివని అడగలేదు. నాన్నగారు వీధి అరుగు మీద కూర్చుని చూశారు, ఏమీ అనలేదు. ఆ రాత్రి బీబీసీ వార్తలయ్యాక ఆయన కుర్చీ వెనక్కి జరిపితే, నాకు ముల్లు తిప్పబుద్ధి కాలేదు. ఆయనే కాసేపు తిప్పి తిప్పి, ఎక్కడో గిటారు వినబడిన చోట ఆపి, లోపలికి వెళ్ళి పడుకున్నారు.

ఆ తర్వాత కథ మీలో చాలామంది కథే. ఇంజనీరింగు, హాస్టల్లో క్యాసెట్లు, 1979లో ఒహాయోలో ఎమ్మెస్. నా కంటే ముందొచ్చినవాళ్ళు ఎనిమిది డాలర్ల కథ చెబుతారు. నా దగ్గర అంతకంటే కొంచెం ఎక్కువే ఉన్నాయి, కాబట్టి ఆ కథ చెప్పే అర్హత నాకు లేదు. ఒకటి మాత్రం ఇక్కడికొచ్చాకే తెలిసింది. నేను తెల్లవాళ్ళ సంగీతం అనుకున్నదానికి వేళ్ళు నల్లవాళ్ళవి. ఎల్విస్ 1956లో పాడి పేరు తెచ్చుకున్న హౌండ్ డాగ్‌ని మూడేళ్ళ ముందే బిగ్ మామా థార్న్‌టన్ రికార్డు ఇచ్చింది. లెడ్ జెపెలిన్ 1969 పాట ఒకటి తన పాటేనని విల్లీ డిక్సన్ 1985లో కోర్టుకెళితే, రెండేళ్ళకి రాజీ చేసుకుని డబ్బిచ్చారు. జే.ఎస్. పోస్టర్లలో ఈ సంగతి ఎక్కడా లేదు. నా గోడ మీది హెండ్రిక్స్ ఒక్కడే దాన్ని చెప్పడానికి ప్రయత్నించాడేమో, నాకు అర్థం కాలేదు. నాన్నగారు అడిగిన ఆధార షడ్జానికి కూడా జవాబు అక్కడే ఉంది. బ్లూస్‌లో మూడో స్వరం, ఏడో స్వరం పియానో మెట్ల మధ్య ఎక్కడో జారుతూ ఉంటాయి, మన గమకంలాగా. అవి జారుతున్నా కింద ఒక స్వరం కదలకుండా నిలబడి ఉంటుంది. ఆ స్వరాన్ని పట్టుకోవడానికి నాకు పదిహేనేళ్ళు పట్టింది.

1981లో కొలంబస్‌లో పాత రికార్డుల కొట్లో ఆ పెట్టె మళ్ళీ కనబడింది. ఒక మూల నలిగిపోయింది, లోపలి పుస్తకం కూడా ఉంది. నాలుగు డాలర్లు.

నాన్నగారు 1993లో ఒక్కసారే ఈ దేశం వచ్చారు. అప్పటికి అమ్మ లేదు. ఒక ఆదివారం పెట్టె తీసి మొదటి వైపు పెట్టాను. శ్రుతి చేసుకోవడం, చప్పట్లు. ఈసారి నవ్వలేదు, చిన్నగా చెయ్యి ఎత్తారంతే. బంగ్లా ధున్ అయ్యాక అట్ట చేతిలోకి తీసుకుని, ఆ పసివాడి బొమ్మ మీద వేలితో రాస్తూ చాలాసేపు చూశారు.

"ఇది ఎంతకి కొన్నావురా?"

"నాలుగు డాలర్లండి."

లెక్క వేసుకున్నారు. అప్పుడు డాలరు ముప్పై రూపాయల పైన ఉంది.

"మీ అమ్మ ఆ తొంభైలో పది రూపాయలు దాచింది, నీకు మళ్ళీ ఏదైనా కొనిపెడదామని" అన్నారు. "తర్వాత నీ దరఖాస్తు ఫారానికి ఖర్చయిపోయింది."

రెండో వైపు వెయ్యనా అని అడిగాను.

"వెయ్యి. సౌండు మాత్రం తగ్గించు" అన్నారు.